నెక్కొండ నుంచి యూరప్‌కు: బస్సు, రైలు, మెట్రోల్లో తిరగడం ఎలా? జాగ్రత్తగా ఉండడం ఎలా?

నెక్కొండ వాసులకు రైలు కొత్త కాదు. సికింద్రాబాద్ నుంచి వరంగల్ దాకా వచ్చిన నిజాం రైల్వే లైను 1889లో బెజవాడ చేరింది. ఆ దారిలోనే నెక్కొండ ఉంది. ఆ రైల్వే నడిపిన కంపెనీ 1883లో పుట్టింది లండన్‌లోనే. అప్పట్లో యూరప్ పెట్టుబడి మన ఊరి మీదుగా పట్టాలు వేసింది. ఇప్పుడు మన ఊళ్ల పిల్లలు చదువుకో, ఉద్యోగానికో జర్మనీ, బ్రిటన్, ఐర్లాండ్, ఫ్రాన్స్ దాకా వెళుతున్నారు. వాళ్లను చూడ్డానికి అమ్మీ అబ్బాలు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలతో కోడళ్లు, కూతుళ్లు కూడా విమానం ఎక్కుతున్నారు.

ఉమ్రాకో, హజ్‌కో వెళితే గ్రూపు ఉంటుంది, ముఅల్లిం ఉంటాడు, హోటల్ ముందు బస్సు ఆగుతుంది. యూరప్ సఫర్ అలా ఉండదు. బాబు ఉదయం ఆఫీసుకు వెళ్లిపోతాడు. ఊరు చూడాలంటే మనమే ట్రామ్ ఎక్కాలి, మనమే టికెట్ కొనాలి, మనమే దిగాలి. అక్కడ బస్సులో కండక్టర్ ఉండడు. టికెట్ అడిగేవాళ్లు కనబడరు. కానీ టికెట్ లేకుండా దొరికితే జరిమానా ఇక్కడి లెక్కలో వేలల్లో ఉంటుంది. అందుకే బయలుదేరే ముందే తెలుసుకోవాల్సిన సంగతులు ఇక్కడ ఒకచోట ఇస్తున్నాం. ధరలు ఎక్కువగా 2025 నాటివి. ఏటా కొంచెం మారుతుంటాయి. పద్ధతి మాత్రం అదే.

యూరప్ అంటే ఒకే దేశం కాదు

మనం యూరప్ అని ఒకే మాట అంటాం గానీ వీసా విషయంలో అది ఒకటి కాదు. షెంగెన్ ప్రాంతంలో 29 దేశాలు ఉన్నాయి. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ అందులోవే. ఒక్క వీసాతో వీటన్నింటిలో తిరగొచ్చు. బ్రిటన్, ఐర్లాండ్ ఇందులో లేవు. జర్మనీలో ఉన్న కొడుకును చూసి, లండన్‌లో ఉన్న కూతురి దగ్గరికి కూడా వెళ్లాలంటే రెండు వేర్వేరు వీసాలు కావాలి. షెంగెన్ వీసా ఒకసారి ప్రవేశానికే ఇచ్చిందైతే, మధ్యలో లండన్ వెళ్లి మళ్లీ జర్మనీకి రావడం కుదరదు. కాబట్టి దరఖాస్తు పెట్టేటప్పుడే చూసుకోవాలి.

షెంగెన్ వీసా మీద ఏ 180 రోజుల కాలంలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. వీసా మీద అంతకంటే తక్కువ రోజులు రాసి ఉంటే ఆ రోజులే లెక్క. 2025 అక్టోబర్ 12 నుంచి రాకపోకలను కంప్యూటర్‌లో నమోదు చేసే కొత్త పద్ధతి మొదలైంది. పాస్‌పోర్టు మీద ముద్ర వేసే చోట ఇప్పుడు ఫొటో, వేలిముద్రల రికార్డు వస్తోంది. ఒక రోజు ఎక్కువ ఉన్నా కంప్యూటర్ పట్టేస్తుంది.

వీసా ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 11 ఏళ్ల పిల్లలకు 45 యూరోలు. ఆరేళ్లలోపు వాళ్లకు ఫీజు లేదు. ఒక యూరో అంటే నూరు రూపాయలకు అటూ ఇటూ అని గుర్తుపెట్టుకుంటే హిసాబ్ సులువు. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చు భరించే ప్రయాణ బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. కనీసం 15 రోజుల ముందు పెట్టాలి. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. నిబంధనల ప్రకారం వీసాలు సరిగ్గా వాడుకుని తిరిగొచ్చిన భారతీయులకు తర్వాత రెండేళ్ల, అటుపైన ఐదేళ్ల వీసా ఇచ్చే విధానం 2024 ఏప్రిల్‌లో వచ్చింది. మొదటి ప్రయాణం నియమం ప్రకారం ముగించడం అందుకే ముఖ్యం.

ఇంట్లోనే చూసుకోవాల్సినవి

మొదటిది పేరు. మన ఇళ్లలో ఒకే మనిషికి ఆధార్‌లో ఎం.డి. అని, బ్యాంకులో మహమ్మద్ అని, స్కూలు సర్టిఫికెట్‌లో మొహమ్మద్ అని ఉండడం మామూలే. పాస్‌పోర్టులో ఏ అక్షరాలు ఉన్నాయో అవే విమాన టికెట్‌లో, బీమాలో, వీసా ఫారంలో ఉండాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, టికెట్ కొనేటప్పుడే విమాన సంస్థను అడిగి వాళ్లు చెప్పినట్టు రాయించాలి. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర తేలే సమస్య కాదు అది.

పాస్‌పోర్టు పదేళ్లలోపు ఇచ్చినదై ఉండాలి. తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలు చెల్లాలి. రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

రెండోది కార్డు. మన బ్యాంకు కార్డులకు విదేశీ వాడకం మామూలుగా ఆపేసి ఉంటుంది. బ్యాంకు యాప్‌లో దాన్ని ఆన్ చేయాలి. ట్యాప్ చేసే సదుపాయం కూడా ఆన్ చేయాలి. రోజువారీ పరిమితి తక్కువగా పెట్టుకుంటే కార్డు పోయినా నష్టం తక్కువ. రెండు కార్డులు ఉంటే రెండూ ఒకే పర్సులో పెట్టొద్దు. ఫోన్‌పే, గూగుల్‌పే అక్కడ నడుస్తాయని అనుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో పారిస్ ఈఫిల్ టవర్ టికెట్లకు యూపీఐ మొదలైన మాట నిజమే. కానీ బస్సు టికెట్‌కు, కిరాణా కొట్టులో అది పని చేస్తుందని భరోసా లేదు.

మూడోది ఫోన్. యూరోపియన్ యూనియన్‌లో ఏ దేశంలో సిమ్ కొన్నా మిగతా సభ్య దేశాల్లో అదే ధరకు వాడుకునే నియమం 2017 జూన్ 15 నుంచి ఉంది. స్విట్జర్లాండ్, బ్రిటన్‌లకు అది వర్తించదు. ఇక్కడి సిమ్‌ను తీసి పడేయొద్దు. బ్యాంకు ఓటీపీ దానికే వస్తుంది.

నాలుగోది సామాన్. యూరోపియన్ యూనియన్‌లోకి బయటి దేశాల ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లడం నిషిద్ధం. అంటే మటన్ పచ్చడి, ఖీమా, నెయ్యి, కోవా, పాలతో చేసిన మిఠాయి వెళ్లవు. కొడుక్కి ఇష్టమని తల్లి ఎంత ప్రేమతో చేసినా కస్టమ్స్ వాళ్లు చెత్తబుట్టలో వేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. బ్రిటన్‌లోనూ మాంసం, పాల పదార్థాలకు ఇదే మాట. పచ్చి కరివేపాకు, మామిడి పండ్లు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే పోవు. ఖర్జూరం, కొబ్బరికి ఆ పత్రం అక్కర్లేదు. బీపీ, షుగర్ మందులు డాక్టర్ చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోవాలి, పెద్ద సూట్‌కేసులో కాదు.

ఇంకో మాట. హైదరాబాద్ మెట్రో ఎప్పుడూ ఎక్కని పెద్దవాళ్లుంటే, వెళ్లే ముందు ఒకసారి కార్డుతో ఎక్కించి దింపండి. గేటు దగ్గర కార్డు తాకించడం, ఎస్కలేటర్ ఎక్కడం, బోర్డు చూసి దిగడం ఇక్కడే అలవాటైతే అక్కడ కంగారు ఉండదు.

అడగకపోయినా టికెట్ కొనాల్సిందే

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లు ఆర్టీసీ బస్సుల్లో మహాలక్ష్మి జీరో టికెట్‌తో తిరుగుతున్నారు. కండక్టర్ దగ్గరికొచ్చి టికెట్ ఇస్తాడు. యూరప్‌లో ఈ రెండు అలవాట్లనూ పక్కన పెట్టాలి. అక్కడ నగర రవాణా మూడు రకాలుగా నడుస్తుంది.

మొదటి రకంలో గేట్లు ఉండవు. జర్మనీ, ఆస్ట్రియాల్లో మెట్రో స్టేషన్‌లోకి నేరుగా నడుచుకుంటూ వెళ్లొచ్చు. అది ఉచితం అని కాదు. మామూలు దుస్తుల్లో ఉన్న తనిఖీ సిబ్బంది ఎప్పుడైనా వచ్చి అడుగుతారు.

రెండో రకంలో టికెట్ కొనడం ఒక పని, దాన్ని చెల్లుబాటు చేయడం ఇంకో పని. ప్లాట్‌ఫారం మీదో, బస్సు లోపలో చిన్న పెట్టె ఉంటుంది. కాగితం టికెట్‌ను అందులో దూరిస్తే తేదీ, టైము ముద్ర పడుతుంది. ముద్ర లేని టికెట్ చేతిలో ఉన్నా లేనట్టే లెక్క. మనవాళ్లు ఎక్కువగా జరిమానా కట్టేది ఇక్కడే. డబ్బులు పెట్టి కొన్నాం కదా అని ధీమాగా కూర్చుంటారు.

మూడో రకంలో కార్డు తాకించి ఎక్కాలి, తాకించి దిగాలి. దిగేటప్పుడు మరిచిపోతే ఎక్కువ ఛార్జీ కట్ అవుతుంది. ఎక్కేటప్పుడు ఏ కార్డు వాడారో దిగేటప్పుడూ అదే వాడాలి. ఒకే కార్డుతో నలుగురు ఎక్కడం కుదరదు. ఒక్కొక్కరికి ఒక్కో కార్డు.

తనిఖీ వాళ్లు వస్తే వాదన వద్దు. గుర్తింపు కార్డు చూపమని అడగొచ్చు, రసీదు అడగాలి. కార్డు చూపకుండా చేతిలో నగదు పెట్టమంటే అనుమానించాలి. 'మాకు తెలియదు, మేం టూరిస్టులం' అంటే జరిమానా తగ్గదు.

దేశాల వారీగా

జర్మనీ: టికెట్ లేకపోతే 60 యూరోలు. నెలంతా ఉండేవాళ్లకు డాయిచ్‌లాండ్ టికెట్ మంచిది. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2025లో 58, 2026 జనవరి నుంచి 63 యూరోలు అయింది. దాంతో దేశమంతటా నగర బస్సులు, ట్రామ్‌లు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు ఎక్కొచ్చు. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే వేగపు రైళ్లకు అది చెల్లదు. ఇది నెలనెలా దానంతట అదే కొనసాగే చందా. ఆపాలంటే ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. మరిచిపోయి ఇండియాకు వచ్చేస్తే వచ్చే నెల డబ్బు కూడా పోతుంది. ఆరేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

ఫ్రాన్స్: పారిస్‌లో 2025లో మెట్రో, లోకల్ రైలు టికెట్ 2.50 యూరోలు, బస్సు లేదా ట్రామ్ టికెట్ 2 యూరోలు ఉండేది. మెట్రో టికెట్‌తో బస్సు ఎక్కలేం. ఎయిర్‌పోర్టుకు వేరే టికెట్, 2025లో అది 13 యూరోలు ఉండేది. మామూలు టికెట్‌తో ఎయిర్‌పోర్టు రైలు ఎక్కి అక్కడ దొరికిపోయేవాళ్లు చాలామంది. 2 యూరోల నావిగో ఈజీ కార్డు తీసుకుని అందులో టికెట్లు నింపించుకోవచ్చు. స్టేషన్ బయటికి వచ్చేదాకా టికెట్ పారేయొద్దు.

బ్రిటన్: లండన్ బస్సుల్లో 2014 జూలై నుంచి నగదు తీసుకోరు. ఆయిస్టర్ కార్డు లేదా ట్యాప్ చేసే బ్యాంకు కార్డు కావాలి. బస్సు ఛార్జీ 2025లో 1.75 పౌండ్లు, గంటలోపు ఇంకో బస్సు ఎక్కితే దానికి వేరే ఛార్జీ లేదు. బస్సులో ఎక్కేటప్పుడు మాత్రమే తాకించాలి. మెట్రోలో ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు రెండుసార్లూ తాకించాలి. రోజంతా తిరిగినా ఒక పరిమితి దాటి డబ్బు కట్ కాదు. పెద్దవాళ్లతో ఉంటే 11 ఏళ్లలోపు పిల్లలు నలుగురి దాకా మెట్రోలో ఉచితం.

నెదర్లాండ్స్: 2023 నుంచి దేశమంతటా బ్యాంకు కార్డుతోనే ఎక్కి దిగొచ్చు. ఒక కంపెనీ రైలు దిగి ఇంకో కంపెనీ రైలు ఎక్కితే మధ్యలో మళ్లీ తాకించాలి. ఆమ్‌స్టర్‌డామ్ ట్రామ్‌లో నగదు చెల్లదు.

ఇటలీ: రోమ్‌లో మామూలు టికెట్ 1.50 యూరోలు. 100 నిమిషాలు చెల్లుతుంది, అందులో మెట్రో ఒక్కసారే. ప్రాంతీయ రైలు కాగితం టికెట్‌ను ఎక్కే ముందు ప్లాట్‌ఫారం మీది యంత్రంలో ముద్ర వేయించాలి.

లక్సెంబర్గ్: ఇక్కడ మాత్రం ఆడ, మగ, స్వదేశీ, విదేశీ తేడా లేకుండా అందరికీ జీరో టికెట్టే. 2020 ఫిబ్రవరి 29 నుంచి దేశమంతటా బస్సు, ట్రామ్, రెండో తరగతి రైలు ఉచితం.

దూరపు రైళ్లు

నెక్కొండలో రైలు ఆగే కొద్ది నిమిషాల్లో సామాన్‌తో ఎక్కడం మనకు అలవాటే. అక్కడా ఆగేది కాసేపే. తలుపు దానంతట అది తెరుచుకోకపోవచ్చు, బటన్ నొక్కాలి. ఫ్రాన్స్‌లో రైలు కదిలే రెండు నిమిషాల ముందే తలుపులు మూసేస్తారు. స్పెయిన్ వేగపు రైళ్లకు ముందు బ్యాగులు స్కాన్ చేస్తారు. కాబట్టి అరగంట ముందు చేరాలి. ఫ్రాన్స్, స్పెయిన్, ఇటలీ వేగపు రైళ్లలో సీటు రిజర్వేషన్ లేకుండా ఎక్కడానికి లేదు. జర్మనీలో రిజర్వేషన్ తప్పనిసరి కాదు గానీ, లేకపోతే నిలబడాల్సి రావచ్చు.

కొన్ని రైళ్లు దారిలో రెండుగా విడిపోతాయి. ముందు పెట్టెలు ఒక ఊరికి, వెనక పెట్టెలు ఇంకో ఊరికి వెళతాయి. ప్లాట్‌ఫారం బోర్డు మీద, పెట్టె తలుపు పక్కన ఊరి పేరు చూసి ఎక్కాలి. టైము 24 గంటల లెక్కలో ఉంటుంది. 21:40 అంటే రాత్రి 9:40. చౌక టికెట్లు చాలావరకు ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి, తర్వాతి రైలుకు చెల్లవు. యూరోపియన్ యూనియన్ నియమం ప్రకారం రైలు గంట నుంచి రెండు గంటల ఆలస్యమైతే టికెట్ ధరలో పావు వంతు, అంతకు మించితే సగం తిరిగి అడగొచ్చు. అందుకే టికెట్ దాచుకోవాలి.

షెంగెన్ లోపల సరిహద్దు లేదని పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి వేరే దేశం వెళ్లొద్దు. జర్మనీ 2024 సెప్టెంబర్ 16 నుంచి తన అన్ని భూ సరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది. రైల్లోకి పోలీసులు వచ్చి పాస్‌పోర్టు అడుగుతారు.

విమానం దిగాక

హైదరాబాద్ నుంచి లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లకు నేరుగా విమానాలున్నాయి. 2025 సెప్టెంబర్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు కూడా మొదలైంది. మిగతావాళ్లు ఎక్కువగా గల్ఫ్ మీదుగా వెళతారు. ఫ్రాంక్‌ఫర్ట్, ఆమ్‌స్టర్‌డామ్ ఎయిర్‌పోర్టుల కిందనే రైల్వే స్టేషన్ ఉంది. బయటికి వచ్చిన చోట 'టాక్సీ, టాక్సీ' అంటూ దగ్గరికొచ్చేవాళ్ల వెంట పోవద్దు. వరుసలో నిలబడే అధికారిక టాక్సీలే ఎక్కాలి. పారిస్‌లో పెద్ద ఎయిర్‌పోర్టు నుంచి నగరానికి టాక్సీ ధర ప్రభుత్వమే ఖరారు చేసింది. సీన్ నదికి కుడి ఒడ్డుకు 56, ఎడమ ఒడ్డుకు 65 యూరోలు. అంతకంటే ఎక్కువ అడిగితే ఇవ్వనక్కర్లేదు.

జేబుదొంగల పద్ధతులు

యూరప్ నగరాల్లో టూరిస్టులకు ఎక్కువగా ఎదురయ్యేది కొట్లాట కాదు, చేతివాటం. పారిస్ మెట్రో, ఎయిర్‌పోర్టు రైలు, బార్సిలోనాలోని లా రాంబ్లా వీధి, రోమ్ టెర్మినీ స్టేషన్ నుంచి వాటికన్ వైపు పోయే 64 నంబరు బస్సు ఇందుకు పేరుపడ్డవి. లండన్‌లో సైకిల్ మీదో, మోపెడ్ మీదో వచ్చి చేతిలో ఫోన్ లాక్కుపోతారు. పద్ధతులు ఎక్కువగా ఇవే:

తలుపు దగ్గర: మెట్రో తలుపు మూసుకునే క్షణంలో ఫోన్ లాగి బయటికి దూకుతారు. తలుపు పక్క సీట్లో కూర్చుని ఫోన్ చూడొద్దు.

తోపులాట: ఎక్కేటప్పుడు ముందున్న మనిషి హఠాత్తుగా ఆగుతాడు, వెనకున్నవాడు తోస్తాడు. ఆ సందట్లో జేబు ఖాళీ అవుతుంది. ఎస్కలేటర్ మీద కూడా ఇదే.

సంతకం: అట్ట మీద కాగితం పట్టుకుని, చెవిటి మూగ పిల్లల కోసం సంతకం పెట్టమంటారు. మీరు రాస్తుంటే ఇంకొకరు సంచి వెతుకుతారు.

దారం, ఉంగరం: పారిస్‌లో మోంమార్త్ర్ గుట్ట దగ్గర మీ చేతికి దారం కట్టేసి డబ్బు అడుగుతారు. కింద పడిన 'బంగారు' ఉంగరం మీదేనా అని ఇంకొకరు వస్తారు. చేతులు జేబులో పెట్టుకుని ఆగకుండా నడవాలి.

మరక: భుజం మీద ఏదో పడిందని తుడవడానికి వస్తారు. తుడిచేది బట్టను కాదు, పర్సును.

నకిలీ పోలీసు: పర్సు చూపించు, నోట్లు పరిశీలించాలి అంటాడు. అసలు పోలీసు మీ నోట్లు లెక్కపెట్టడు. పోలీస్ స్టేషన్‌కే వస్తాం అనండి.

టికెట్ యంత్రం దగ్గర సాయం: మీరు అడగకుండానే వచ్చి బటన్లు నొక్కి, పిన్ చూస్తారు, లేదా పాత టికెట్ చేతిలో పెట్టి నగదు తీసుకుంటారు.

మన ఆడవాళ్లు చాలామంది బంగారం మీదే ఉంచుకుని ప్రయాణిస్తారు. యూరప్ వీధుల్లో దక్షిణాసియా కుటుంబాలంటే బంగారం అని దొంగలకూ తెలుసు. గొలుసులు, గాజులు ఇంట్లోనే పెట్టి వెళ్లడం మంచిది. పాస్‌పోర్టు, ఎక్కువ నగదు బట్టల లోపల కట్టుకునే సన్నటి సంచిలో ఉండాలి. ఆ రోజు ఖర్చుకు మాత్రమే చిన్న పర్సు. భుజం సంచి వెనక్కి కాదు, పొట్ట ముందుకు.

కుటుంబం విడిపోతే

మెట్రో తలుపులు ఎవరి కోసమూ ఆగవు. తల్లి లోపల, పిల్లలు బయట ఉండిపోవడం జరుగుతూనే ఉంటుంది. ఇంట్లో ముందే ఒక నియమం పెట్టుకోండి. లోపల ఉండిపోయినవారు తర్వాతి స్టేషన్‌లో దిగి అక్కడే నిలబడాలి. బయట ఉండిపోయినవారు కదలకుండా తర్వాతి రైలు ఎక్కి ఆ స్టేషన్‌కు రావాలి. బయట ఉండిపోయింది చిన్నపిల్లలొక్కరే అయితే వాళ్లు అక్కడే ఆగాలి, పెద్దవాళ్లే వెనక్కి రావాలి. ఇది పిల్లలతో రెండు మూడుసార్లు చెప్పించాలి.

ఒక కాగితం మీద కొడుకు ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, దగ్గరి స్టేషన్ పేరు ఆ దేశపు భాషలో రాయించి ప్రతి ఒక్కరి జేబులో పెట్టాలి. ఫోన్ పోయినా కాగితం పనికొస్తుంది. దారి అడగాల్సి వస్తే యూనిఫాం ఉన్నవారిని, దుకాణం లోపల ఉన్నవారిని, పిల్లలతో వెళుతున్న తల్లులను అడగడం మేలు.

రోడ్డు దాటడం ఇంకో ప్రమాదం. బ్రిటన్, ఐర్లాండ్‌లో మనలాగే ఎడమవైపు నడుపుతారు. జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, నెదర్లాండ్స్ అన్నింటిలో కుడివైపు. మనకు ముందు కుడివైపు చూసే అలవాటు, అక్కడ బండి వచ్చేది ఎడమ నుంచి. ట్రామ్ చప్పుడు లేకుండా వస్తుంది. ఎర్ర రంగు వేసిన దారి సైకిళ్లది, దాని మీద నిలబడి ఫొటోలు దిగొద్దు. ఎస్కలేటర్ మీద కుడిపక్క నిలబడాలి, ఎడమ పక్క తొందరగా పోయేవాళ్లకు వదలాలి.

హిజాబ్, నిఖాబ్: చట్టం ఎక్కడ ఏమంటుంది?

తలకు కట్టుకునే హిజాబ్, స్కార్ఫ్‌తో ఈ దేశాల వీధుల్లో, బస్సుల్లో, రైళ్లలో తిరగడానికి టూరిస్టులకు చట్టపరంగా అడ్డు లేదు. ముఖం మొత్తం కప్పే నిఖాబ్ విషయం వేరు. ఫ్రాన్స్‌లో 2011 ఏప్రిల్ 11 నుంచి బహిరంగ ప్రదేశాల్లో నిషేధం ఉంది. జరిమానా 150 యూరోల దాకా. బెల్జియంలో 2011 జూలై నుంచి, ఆస్ట్రియాలో 2017 అక్టోబర్ నుంచి, డెన్మార్క్‌లో 2018 ఆగస్టు నుంచి, స్విట్జర్లాండ్‌లో 2025 జనవరి 1 నుంచి ఇలాంటి చట్టాలే ఉన్నాయి. నెదర్లాండ్స్‌లో 2019 ఆగస్టు నుంచి వీధిలో కాదు గానీ బస్సు, రైలు, ఆసుపత్రి, బడి, ప్రభుత్వ ఆఫీసుల్లో నిషేధం. ఇవి టూరిస్టులకూ వర్తిస్తాయి. నిఖాబ్ వేసుకునే అలవాటున్నవారు ఏ దేశాల మీదుగా వెళుతున్నారో ముందే చూసుకుని నిర్ణయించుకోవాలి. సరిహద్దు తనిఖీలో ముఖం చూపాల్సి వస్తే మహిళా అధికారిని అడగొచ్చు.

ఎవరైనా దుస్తులనో, మతాన్నో చూసి తిట్టినా, మీదికి వచ్చినా జవాబు ఇవ్వకుండా ఆ పెట్టె నుంచి పక్క పెట్టెకు మారాలి. బస్సులో అయితే డ్రైవర్ దగ్గరికి పోవాలి. తర్వాత ఫిర్యాదు తప్పకుండా ఇవ్వాలి. బ్రిటన్ రైళ్లలో 61016కు మెసేజ్ పంపొచ్చు. ఫ్రాన్స్ రైళ్లలో 3117కు ఫోన్, 31177కు మెసేజ్. రాత్రిపూట ఖాళీ పెట్టెలో కూర్చోకుండా, మనుషులున్న పెట్టెలో లేదా డ్రైవర్‌కు దగ్గరగా కూర్చోవడం మంచిది.

నమాజు, భోజనం

జూన్‌లో పారిస్, జర్మనీల్లో సూర్యాస్తమయం రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో. డిసెంబర్‌లో బెర్లిన్‌లో నాలుగు గంటలకే చీకటి. అందుకని నమాజు వేళలు ఆ ఊరి మసీదు పట్టిక చూసే ప్లాన్ చేసుకోవాలి. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో ప్రార్థన గది ఉంటుంది. పారిస్ గ్రాండ్ మసీదు 1926లో మొదలైంది. మెట్రో 7వ లైనులో ప్లాస్ మోంజ్ స్టేషన్ దగ్గర. హైదరాబాద్‌లో 1908లో పుట్టిన విద్వాంసుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా దాదాపు అర్ధ శతాబ్దం నివసించింది ఈ పారిస్‌లోనే. రోమ్ పెద్ద మసీదు 1995లో మొదలైంది. అక్కడికి లోకల్ రైల్లో కాంపి స్పోర్తీవి స్టేషన్‌లో దిగొచ్చు.

ప్యాకెట్ల మీద పంది మాంసాన్ని జర్మన్‌లో ష్వైన్, ఫ్రెంచ్‌లో పోర్, ఇటాలియన్‌లో మయాలే, స్పానిష్‌లో సెర్దో అంటారు. వీటి స్పెల్లింగులు ఫోన్‌లో రాసుకుంటే కొట్టులో సులువు. స్టేషన్లలో మరుగుదొడ్డికి చాలాచోట్ల అర యూరో నుంచి యూరో దాకా తీసుకుంటారు, చిల్లర ఉంచుకోవాలి. లోపల నీళ్ల పైపు ఉండదు. సంచిలో చిన్న ఖాళీ సీసా ఉంటే పరేషాన్ ఉండదు.

ఏదైనా జరిగితే

మన దగ్గర ఉన్న 112 నంబరే యూరోపియన్ యూనియన్ అంతటా పని చేస్తుంది. పోలీసు, అంబులెన్స్, ఫైర్ అన్నింటికీ అదే. బ్రిటన్‌లో 999తో పాటు 112 కూడా కలుస్తుంది. జర్మనీలో సిమ్ లేని ఫోన్ నుంచి 112 కలవదు. పిల్లలు తప్పిపోతే యూరప్‌లోని చాలా దేశాల్లో 116000 సహాయ నంబరు ఉంది.

పర్సు పోతే మొదట బ్యాంకుకు చెప్పి కార్డు ఆపించాలి. ఆ నంబరు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా ఉండాలి. తర్వాత పోలీస్ ఫిర్యాదు. దాని కాపీ లేకుండా బీమా డబ్బు రాదు.

పాస్‌పోర్టు పోతే పోలీస్ ఫిర్యాదు కాపీ, పాస్‌పోర్టు, వీసాల ఫొటోకాపీలు, ఫొటోలు తీసుకుని భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. బెర్లిన్, పారిస్, రోమ్‌లలో ఎంబసీలు, లండన్‌లో హైకమిషన్, ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్, హాంబర్గ్, మిలాన్‌లలో కాన్సులేట్లు ఉన్నాయి. అత్యవసరంగా ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో ఇండియాకు తిరిగి రావొచ్చు, ఇంకో దేశం తిరగడానికి అది పనికిరాదు. జవాబు రాకపోతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

ఆరోగ్యం బాగోలేకపోతే ప్రాణాపాయం ఉన్నప్పుడు నేరుగా 112. లేదంటే ముందు బీమా కంపెనీ నంబరుకు ఫోన్ చేసి ఏ ఆసుపత్రికి వెళ్లాలో అడగాలి. చెప్పకుండా వెళితే బిల్లు చేతి నుంచి కట్టాల్సి రావచ్చు.

బయలుదేరే ముందు రాత్రి ఒక తెల్లకాగితం తీసుకుని ఈ ఏడు రాయండి: పిల్లల చిరునామా, ఫోన్ నంబరు, బ్యాంకు నంబరు, బీమా పాలసీ నంబరు, పాస్‌పోర్టు నంబరు, ఎంబసీ ఫోన్, 112. రెండు కాపీలు తీయించండి. ఒకటి మీ దగ్గర, ఒకటి నెక్కొండలో ఇంట్లో ఉండేవారి దగ్గర. ఫోన్ ఛార్జింగ్ అయిపోయిన రోజున, భాష రాని వీధిలో, ఆ కాగితమే మిమ్మల్ని ఇంటికి చేరుస్తుంది.